పిట్టలకు చలివేంద్రము

ఫాల్గుణము గడచి ఎండలు ముదురుటతోడనే మన గ్రామములలో చలివేంద్రములు వెలయుట పూర్వాచారము. తాటాకు పందిరి, తడి ఇసుకపై రెండు కుండలు, ప్రక్కనే ఒక ముంత. బాటసారి దాహము తీర్చుట పుణ్యకార్యమని తెలుగువారు తరతరములుగా ఎంచుచున్నారు. ఆ పందిరి క్రింద, కుండ చెమర్చి ఇసుక తడిసిన చోట, మిట్టమధ్యాహ్నమున పిచ్చుకలు, గోరువంకలు ముక్కులు తెరచుకొని వాలుట చూడనివారు అరుదు. వాటికి దక్కునది ఆ చెమ్మ మాత్రమే. వాటి కొరకే ప్రత్యేకముగా నీరును, కొంత గింజయు ఏర్పాటు చేయుట ఎట్లు, అందువలన గ్రామమునకు కలుగు మేలు ఎట్టిది, అందు చేయరాని పనులు ఏవి అను విషయములను పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుటకు ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

వేసవిలో పిట్టకు ఆకలి కన్న దాహము ప్రమాదకరమైనది. పక్షుల చర్మమునందు చెమట గ్రంథులు లేవు. మనము చెమట పోసి శరీరమును చల్లబరచుకొందుము. పిట్ట ముక్కు తెరచి రొప్పుట వలన లోపలి తేమను ఆవిరిగా వెడలించి వేడిని తగ్గించుకొనును. పిచ్చుక శరీరపు వేడిమి సహజముగనే 41 డిగ్రీల ప్రాంతమున నుండును. రెంటచింతల, రామగుండము, ఖమ్మము వంటి చోట్ల గాలి వేడిమి 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. అట్టి దినమున గాలికంటె శరీరమే చల్లనిది కనుక, నీటిని ఆవిరి చేయుట తప్ప వేడిని వదలించుకొనుటకు దానికి మార్గాంతరము లేదు. గుప్పెటలో ఇమిడెడు ప్రాణికి లోపల నిలువయుండు నీరు ఎంత? పురుగులను తిను పిట్టకు ఆ పురుగులలోని తేమ కొంత ఉపయోగపడును. ఎండు గింజలు తిను పిచ్చుకకు, గువ్వకు ఆ ఆధారమును లేదు. కావుననే నీటి పాత్ర పెట్టిన చోటికి ఇవి తరచుగా వచ్చును.

పూర్వము ఈ నీరు ఎవరును ప్రత్యేకముగా పెట్టకయే దొరకుచుండెడిది. మోటబావి గిలక క్రింద గుంట, అంట్లు తోము చోట పారుదల, బోరింగు చుట్టును బురద, ఊరి కుంట అడుగున మిగిలిన చెమ్మ, ఇవన్నియు పిట్టలకు రేవులు. ఇప్పుడు బావులు మూతపడి బోరుబావులు వచ్చినవి. ఇంటింటికిని కుళాయి వచ్చినది. మురుగు కాలువలకు సిమెంటు పని జరిగినది. ఇవి మనుష్యుల ఆరోగ్యమునకు మేలైన మార్పులే. బోరింగు చుట్టును బురద నిలువ యుండవలెనని కోరువారు ఎవరును ఉండరు. అయినను ఆ బురద వద్దకు వచ్చి త్రాగిన ప్రాణి ఇక నెచ్చటికి పోవలెనను ప్రశ్న మిగిలియున్నది. దానికి సమాధానము ఒక మట్టి మూకుడంత సులభము.

నీటి పాత్ర

మూకుడనియే ఏల అనవలెను? ఇనుప గిన్నె, స్టీలు పళ్ళెము ఎండకు కాగిపోవును. ప్లాస్టిక్ పాత్ర జారును, గాలికి దొర్లును. మట్టి పాత్ర చల్లగా నుండును, దాని గరుకు అంచుపై పిట్ట కాలు నిలద్రొక్కుకొనును. అడుగు వెడల్పు, రెండు అంగుళములకు మించని లోతు చాలును. నడుమ ఒక చదునైన రాయిని గాని పెంకు ముక్కను గాని ఉంచినచో చిన్న పిట్టలు దానిపై నిలిచి త్రాగును, రెక్కలు తడుపుకొనును. పిట్టకు స్నానము విలాసము కాదు. ఈకలు శుభ్రముగా నున్నగాని అది చక్కగా ఎగురజాలదు.

పాత్రను ఉంచు తావును గూర్చి కొంత ఆలోచింపవలెను. నీడ ఉండవలెను, పైన వాలుటకు కొమ్మ ఉండవలెను, కాని పిల్లి పొంచియుండుటకు వీలైన గుబురు పొద ఆరేడు అడుగుల లోపున ఉండరాదు. తడిసిన పిట్ట వెంటనే ఎగురలేదు, పిల్లికి ఆ సంగతి తెలియును. వేపచెట్టు క్రింద నడుమెత్తు దిమ్మె యున్నచో అంతకంటె మంచి చోటు లేదు. లేనియెడల ఉట్టి వలె త్రాళ్ళతో కొమ్మకు వ్రేలాడగట్టవచ్చును.

ఇక దోమల విషయము. నీరు నిలువయున్న పాత్ర అనగానే ఆరోగ్య సిబ్బంది అభ్యంతరము చెప్పుదురు, చెప్పవలసినదే. దోమ గ్రుడ్డు పెట్టినది మొదలు రెక్కలు వచ్చి ఎగురు వరకు ఇంచుమించు వారము, పది దినములు పట్టును. ప్రతి ఉదయమును పాత నీటిని మొక్కకు పోసి, క్రొత్త నీరు నింపినచో అందు దోమ పెరుగుటకు వ్యవధి చాలదు. కాని పారబోసినంత మాత్రమున పని పూర్తి కాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ తన గ్రుడ్లను నీటి మట్టమునకు పైన పాత్ర గోడకు అంటించును. అవి ఎండి నెలల తరబడి యుండియు, తిరిగి నీరు తగిలినప్పుడు పొదగబడును. కనుక రెండు మూడు దినములకొకసారి కొబ్బరి పీచుతో అంచులను గట్టిగా తోమవలెను. సబ్బు వాడరాదు. ఈ తోముట వలన పాచి పోవును, రోగకారక క్రిములును తగ్గును.

అనేక గ్రామములలో పశువుల కొరకు సిమెంటు నీటి తొట్లు కట్టబడినవి. వీనిలో పిట్టలు పడి చనిపోవుట సభ్యులు చూచియే యుందురు. తొట్టి గోడలు నిలువుగా, నున్నగా నుండును. నీరు అడుగంటినప్పుడు త్రాగబోయి జారిన పిట్టకు పైకి వచ్చు దారి లేదు. ఒక చెక్క పలకను గాని వెదురు తడకను గాని ఏటవాలుగా తొట్టిలోనికి వాల్చి కట్టినచో పిట్టయే కాదు, ఉడుతయు, తొండయు బ్రతికి బయటపడును. క్రొత్తగా తొట్టి కట్టు చోట ఒక మూలను మెట్టుగా కట్టుమని మేస్త్రికి చెప్పినచో చాలును. అదనపు సిమెంటు ఒక తట్టకు మించదు.

నీరు పోయు భారము ఎవరిపై ఉంచవలెననునది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఇట్టి కార్యక్రమములను సాధారణముగా పాఠశాలకు అప్పగించుట అలవాటు. పిల్లలు ఉత్సాహముగా ఇరువది మూకుళ్ళు తెచ్చి చెట్లకు కట్టుదురు, ఫోటోలు తీయబడును. ఏప్రిల్ చివర బడికి సెలవులు ఇచ్చెదరు. నిప్పులు చెరుగు మే మాసమంతయు ఆ మూకుళ్ళు ఎండి, ఆకులతో నిండి వ్రేలాడుచుండును. నీటికై అలవాటుపడి వచ్చిన పిట్ట అచ్చట ఏమియు లేక తిరిగిపోవును. కనుక పాత్రలు ఎన్ని అను లెక్క కంటె, ఏ పాత్రకు ఎవరు బాధ్యులు అను పట్టిక మేలు. ప్రతి ఉదయమును మంచినీటి ట్యాంకును నింపు పంచాయతీ పనివాడు, రచ్చబండ ప్రక్క టీ దుకాణము వాడు, గుడి పూజారి, పొదుపు సంఘములోని ఒక మహిళ, వీరు వేసవిలోను ఊరు విడువరు. ఇరువది పాత్రలు ఎండియుండుట కన్న నాలుగు పాత్రలు నిండియుండుట మేలు.

వరి కుచ్చు

గింజ పెట్టు సాధనములు పట్టణముల అంగళ్ళలో ప్లాస్టిక్‌తో చేసినవి అమ్ముడగుచున్నవి. మన గ్రామములకు వాటి అవసరము కనబడదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో క్రొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు వరి కంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలమునకు, గుడి మండపమునకు వ్రేలాడగట్టు ఆచారము కలదు. చూచుటకు అలంకారము, పిచ్చుకలకు అన్నదానము. తలక్రిందుగా వ్రేలాడుచు గింజను ఒలిచి తినుట పిచ్చుకకు సహజమైన విద్య. కాకి, పావురము అట్లు వ్రేలాడలేవు కనుక చిన్న పిట్టల వాటా చిన్న పిట్టలకే దక్కును. ఇంత తెలివైన ఏర్పాటును మన పూర్వులు ఏ శాస్త్రజ్ఞుని సలహాతోను చేయలేదు.

కుచ్చు అల్లుటకు గింజ గట్టిపడి, గడ్డి ఇంకను కొంత పచ్చిగా నున్నప్పుడు కంకులను మూరెడు గడ్డితో సహా కోయవలెను. కోసిన గడ్డి ఎండి పెళుసెక్కినచో కొంచెము నీరు చిలుకరించి, గోనె కప్పి, కొంతసేపు ఉంచినయెడల మెత్తబడును. మూడేసి, నాలుగేసి కంకులను కలిపి జడ వలె అల్లుచు, అల్లికలో నడుమ నడుమ క్రొత్త కంకులను చేర్చుచు పోయినచో గంట ఆకారమున కుచ్చు తయారగును. అల్లిక తెలిసిన వృద్ధులు ఊరికి ఇద్దరు ముగ్గురైనను ఉందురు. వారిచేత యువజనులకు ఒక పూట నేర్పించుట పంచాయతీకి తగిన పనియే.

నేడు ఇందులకు ఒక చిక్కు వచ్చినది. వరికోత యంత్రము చేనిలో దిగినచో కంకి మిగులదు. గింజ ట్రాక్టరులోనికి, గడ్డి తునుకలై నేలపైకి పోవును. యంత్రము మలుపు తిరుగుటకు చేని మూలలను ముందుగా కొడవలితో కోయుట రైతులందరు చేయుచున్న పనియే. ఆ మూలల కంకుల నుండి రెండు కట్టలను విడిగా తీసి యుంచినచో ఊరి గుడికిని, పాఠశాలకును, పంచాయతీ కార్యాలయమునకును కుచ్చులకు సరిపోవును. మెట్ట ప్రాంతములలో వరికి బదులు సజ్జ కంకులు, జొన్న కంకులు, కొర్ర వెన్నులు కట్టవచ్చును. జీనువాయిలకు కొర్రలు మిక్కిలి ప్రీతి.

కుచ్చులు లేని కాలమున చారెడు నూకలు చాలును. చారెడు అని వ్రాయుట ఊరక కాదు. బస్తాల కొలది గింజలు చల్లిన చోట పావురములు వందలుగా చేరి తక్కినవాటిని తరిమివేయును. సాయంత్రమునకు మిగిలిన దానికి ఎలుకలు వచ్చును. ఎలుకల వెంట పాములు వచ్చును. పిట్టలు పూర్తిగా తిని వెళ్ళునంత మాత్రమే పెట్టవలెను. ఉప్పు, నూనె, మసాలా చేరిన పదార్థములు పిట్టలకు హాని. పులిసిన అన్నము, బూజు పట్టిన వేరుశనగ అసలే పెట్టరాదు. మందు పట్టించిన విత్తనము మిగిలినదని పిట్టలకు చల్లుట విషము పెట్టుటయే యగును.

కోతుల బెడద యున్న గ్రామములలో గింజ, పండు బయట పెట్టవలదని నా అభిప్రాయము. కోతి కుచ్చును లాగి పారవేయుటయే గాక, ఇంటిపై పెంకులను లాగును, పిల్లలపై తిరుగబడును. అట్టి గ్రామములు నీటితోను, చెట్లతోను తృప్తిపడుట మంచిది.

గింజ పెట్టుచున్నామని తెలియకయే పెట్టిన మరియొక పద్ధతి ముగ్గు. బియ్యపు పిండితో వాకిట ముగ్గు పెట్టినప్పుడు చీమలకును, పిచ్చుకలకును అది ఉదయపు ఆహారమయ్యెడిది. ఇప్పుడు రాతి పొడి వచ్చి ముగ్గు మరింత తెల్లనైనది గాని తినుటకు పనికిరాదు. పండుగ దినములలోనైనను పిండి ముగ్గు పెట్టుమని గృహిణులను కోరవచ్చును.

గింజ తిను పిట్టకును పురుగే పాలు

పంచాయతీలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు రైతు సభ్యులు తప్పక ఒక మాట అడుగుదురు: పంట తిను పిట్టలను మనమే పిలిచి పెట్టుకొనుట ఏమి న్యాయము? ఈ మాటను త్రోసిపుచ్చరాదు. రామచిలుకలు ప్రొద్దుతిరుగుడు, మొక్కజొన్న చేలకు కలుగజేయు నష్టము నిజమే. గిజిగాడు, జీనువాయి పాలు పోసుకొను వరి వెన్నుపై వాలుటయు నిజమే. అట్టి చేలకు గింజ గట్టిపడు కొద్ది వారములు కాపలాయో, మెరయు రిబ్బనులో తప్పవు. ఊరి నడుమ మూకుడు నీటి వలన చిలుకల గుంపు క్రొత్తగా పుట్టుకొని రాదు.

కాని లెక్కకు రెండవ ప్రక్క కూడ కలదు. పిచ్చుక పెద్దదైన పిమ్మట గింజ తినును. దాని పిల్ల మాత్రము మొదటి దినములలో ముఖ్యముగా పురుగులతోనే పెరుగును. గ్రుడ్లు పొదుగుటకు ఇంచుమించు 12 దినములు, పిల్లలు గూడు విడుచుటకు మరి 15 దినములు పట్టును. ఆ పక్షము దినములు తల్లియు తండ్రియు ఉదయము మొదలు సాయంత్రము వరకు లద్దెపురుగులను, చిన్న మిడుతలను, పేనుబంకను ఏరి తెచ్చి నోట పెట్టుచుండును. గూటి చుట్టునున్న కూరపాదులకు ఈ సేవ ఉచితము. దీనినిబట్టియే మరియొక సంగతి తెలియుచున్నది: పురుగు లేని ఊరిలో మనము ఎంత గింజ చల్లినను పిచ్చుక పిల్లలు బ్రతుకవు.

చైనా దేశమున 1958లో ఎలుకలు, ఈగలు, దోమలతోపాటు పిచ్చుకలను కూడ నిర్మూలింపవలసిన నాలుగు చీడలలో చేర్చిరి. ప్రజలు డప్పులు, పళ్ళెములు మ్రోగించుచు, పిచ్చుకలను ఎచ్చటను వాలనీయక, అవి అలసి నేల రాలునట్లు చేసిరి. పిమ్మట పంటలపై పురుగుల ఉద్ధృతి హెచ్చెను. 1960లో పిచ్చుక పేరును ఆ జాబితా నుండి తొలగించి, దాని స్థానమున నల్లిని చేర్చిరి.

మన వ్యవసాయ శాఖవారు కంది, ప్రత్తి, శనగ చేలలో ఎకరమునకు 10 మొదలు 20 వరకు పక్షి స్థావరములను పాతుమని సలహా ఇచ్చుట రైతులు ఎరిగినదే. పైరు కంటె కొంచెము ఎత్తుగా, అడ్డుకర్ర కట్టిన కొయ్య అంతే. దానిపై పసులపోలిగాడు, గోరువంక, పాలపిట్ట, పసరిక వాలి శనగపచ్చ పురుగును, పొగాకు లద్దెపురుగును, రెక్కల పురుగులను పట్టి తినును. ధాన్యపు పైరులలో గింజ కట్టు సమయమునకు ఈ కొయ్యలను తీసివేయుట మంచిది. రాత్రి వేళ వాటిపై పైడికంటియు, చావుపిట్ట యను పేర మనము తరిమికొట్టు తెల్లని గుడ్లగూబయు వాలి ఎలుకలను వేటాడును. ఆ పేరు దానికి తగినది కాదు. చేని యెలుకకు మాత్రము అది సరిపోవును.

ఇంతటి సహాయమును మనమే విషముతో పోగొట్టుకొనుచున్నాము. గుళికల మందులు పిట్టలకు గింజలవలెనే కనబడును. కార్బోఫ్యూరాన్ వంటి గుళిక ఒకటి రెండు మ్రింగినను చిన్న పిట్ట మరణించును. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 తరువాత దేశమున నిషేధించిరి. పాత నిలువలు ఎవరి కొట్టములోనైన నున్నచో వాడరాదని గ్రామసభలో చెప్పుట అవసరము. పిచికారీ చేసిన డబ్బాలను చెరువులోను, పశువుల తొట్టి వద్దను కడుగుట పిట్టలకే కాదు, పశువులకును ప్రమాదము.

గూడు, చెట్టు

పిచ్చుకలు సెల్ టవర్ల వలననే నశించుచున్నవను మాట బహుళ ప్రచారములో నున్నది. అది ఋజువైన సంగతి కాదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక ప్రకారము, పిచ్చుకలు దేశము మొత్తముమీద ఇరువదియైదేండ్లుగా నిలకడగానే యున్నవి. హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో మాత్రము క్రమముగా తగ్గుచున్నవి. అనగా గ్రామముల వద్ద ఇంకను ఆస్తి యున్నది. నగరమునకు పట్టిన కారణములు, అనగా గూటికి సందు లేని ఇండ్లు, పురుగు లేని పెరడులు, గ్రామమునకు రాకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

పెంకుటింటి వాసముల నడుమ, తాటాకు చూరులో, గోడలోని గూటిలో పిచ్చుకకు స్థలము దొరకెడిది. డాబా ఇంటికి అట్టి సందు లేదు. పక్కా ఇల్లు వలదని ఎవరమును అనబోము. వసారా గోడకు ఒక కొయ్య పెట్టె కొట్టించిన చాలును. ఆరు అంగుళముల చదరపు అడుగు, ఎనిమిది అంగుళముల ఎత్తు, ముందు ప్రక్క ఒకటింపావు అంగుళముల రంధ్రము. రంధ్రము అంతకంటె పెద్దదైనచో గోరువంక దూరి గూటిని ఆక్రమించును. ఎనిమిది, పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగులని చోట బిగింపవలెను. రంధ్రము ముందు నిలుచుటకు పుల్ల అమర్చు అలవాటు కొందరికి కలదు. పిచ్చుకకు దాని అవసరము లేదు, కాకి వచ్చి కూర్చుండుటకు మాత్రము పనికివచ్చును. ఇంటి లోపల పంకా తిరుగు గదిలో పెట్టెను ఉంచరాదు.

చెట్టు నాటుట అన్నిటికంటె శాశ్వతమైన ఆహారపు ఏర్పాటు. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమునకు నర్సరీని ఏర్పరచి, నాటిన మొక్కల సంరక్షణను పంచాయతీ బాధ్యతగా చేసినది. ఆంధ్ర ప్రదేశమునను ఉపాధి హామీ పనుల క్రింద మొక్కల పెంపకము జరుగుచున్నది. మొక్క ఎన్నికలో పిట్టను కూడ తలచుకొన్నచో అదనపు వ్యయము లేదు. చెరువు గట్టుకు మర్రి, రావి, మేడి, జువ్వి. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున కాచుచు సంవత్సరము పొడుగున పండ్లనిచ్చును. వీథికి వేప, నేరేడు. పొలము గట్టుకు తుమ్మ, ఈత. గిజిగాడు నీటిపైకి వంగిన ముండ్ల కొమ్మను ఎన్నుకొని గూడు అల్లును. ఊరి వెలుపల బూరుగు, మోదుగ ఉన్నచో ఆకు రాలిన కాలమున వాటి పూలలోని తేనెకు పది జాతుల పిట్టలు చేరును. పెరటిలో కరివేపాకు చెట్టును పూర్తిగా కత్తిరింపక ఒక కొమ్మను కాయనిచ్చినచో ఆ నల్లని పండ్లకు పిగిలిపిట్టలు, కోకిలలు వచ్చును. గోరింట కంచె కట్టినచో చిన్న పిట్టలకు గూడు కట్టు చోటు దొరకును. త్వరగా పచ్చబడునని పలు చోట్ల నాటిన కోనోకార్పస్ వరుసలు చూచుటకు బాగుండును గాని, వాటిలో పిట్టకు దొరకు పండు లేదు.

రోగము, చట్టము

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారములలో బర్డ్ ఫ్లూ వ్యాపించి కోళ్ళు పెద్ద సంఖ్యలో మరణించిన సంగతి సభ్యులకు జ్ఞాపకముండును. కావున అడవి పిట్టలకు పెట్టిన నీటిని పెరటి కోళ్ళు ముట్టకుండ ఎత్తున ఉంచవలెను. కోళ్ళ షెడ్డు సమీపమున గింజ చల్లరాదు. ఒకేచోట అనేక కాకులు గాని ఇతర పక్షులు గాని కారణము తెలియక చనిపోయి కనబడినచో చేతితో ముట్టక, పిల్లలను చేరనీయక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. పాత్ర వద్ద ఈకలు రేగి, కన్నులు మూసి, కదలక కూర్చుండు పిట్టలు కనబడినచో రెండు వారములు నీరు, గింజ మాని, పాత్రలను కడిగి ఎండబెట్టుట మేలు.

పిట్టలను రప్పించుట మొదలిడిన ఊరికి పట్టువారును వచ్చుట కలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకలను, జీనువాయిలను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరము. రామచిలుక 2018 నుండి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర పక్షి. జోస్యము చెప్పు చిలుకకును ఈ చట్టము వర్తించును. తెలంగాణ రాష్ట్ర పక్షియగు పాలపిట్టను దసరా నాడు చూచుట శుభమని, దానిని పట్టి బంధించి ఇంటింట చూపి డబ్బులడుగువారు కలరు. ఎగురుచున్న పాలపిట్టను పొలమున చూచుటయే ఆచారము. గ్రామసభలో ఈ మాట పెద్దలు చెప్పినచో వినెదరు. గాలిపటములకు వాడు నైలాను దారమును జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినది. సంక్రాంతికి ముందు ఊరి దుకాణములను ఒకసారి చూచివచ్చుట సభ్యులకు కష్టము కాదు.

ఊరంతయు ఒక్కమాటపై నిలిచినచో ఏమగునో చూపు గ్రామములు మన మధ్యనే కలవు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల నడుమనున్న చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. గ్రామస్థులు వాటి రాకను శుభముగా ఎంచుదురు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులోని చెట్లపై అవే జాతులు వేలకొలది చేరుచున్నవి. చిలమత్తూరు మండలము వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్లను ఆశ్రయించును. ఈ మూడు గ్రామములలోను పక్షుల వాసన, రెట్ట, అరుపులు గ్రామస్థులకు ఇబ్బందియే, అయినను ఓర్చుకొనుచున్నారు. వీరాపురమునకు చుట్టుప్రక్కల చెరువులలో నీరు తగ్గిన యేండ్లలో ఆ కొంగలకును, పిల్లలకును బ్రతుకు కష్టమైనది. మనుష్యుల దయ యున్నను, చెరువు ఎండినప్పుడు అది చాలలేదు. చెరువు పూడిక తీయించుట కూడ పక్షి సేవయే యని పంచాయతీలు గ్రహింపవలెను.

పని ప్రారంభించుటకు మార్చి 20 అనువైన దినము. 2010 నుండి ఆ దినమును ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. మన ఎండలును అప్పటికి ముదురుచుండును. మొదటి వారము పాత్ర వద్దకు ఏ పిట్టయు రాకపోవచ్చును. పాత్రను చోటు మార్చరాదు. సాధారణముగా కాకి ముందు వచ్చి, రొట్టె ముక్కయో ఎముకయో తెచ్చి నీటిలో నానబెట్టి పాడుచేయును. నీరు మార్చి ఊరకుండవలెను. తరువాత గోరువంకలు, వాటిని చూచి పిచ్చుకలు, గువ్వలు వచ్చును. నల్లంచి ఒంటరిగా, ఎవరును లేని వేళ వచ్చును. మృగశిర కార్తె వానలు పడి కుంటలలో నీరు చేరిన పిమ్మట మూకుళ్ళను తోమి, ఎండబెట్టి, మరుసటి వేసవికై పంచాయతీ కార్యాలయమున బోర్లించి భద్రపరుపవచ్చును.